ఒక గడిలో ఇమడని చావు

(ఫోరెన్సిక్ మెడిసిన్, కమ్యూనిటీ మెడిసిన్ పీజీ విద్యార్థులు, పోలీసు, రెవెన్యూ ఉద్యోగులు కలిసి కూర్చున్న ఒక సదస్సులో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

నేను అమెరికాలో ఒక రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేస్తాను. రోజంతా కాగితాలు చదవడమే నా పని. హత్యకు గురైనవాళ్లు, ఆత్మహత్య చేసుకున్నవాళ్లు, పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లు, తుపాకీ పొరపాటున పేలి పోయినవాళ్లు, ఎలా పోయారో చివరికీ తేలనివాళ్లు, వీళ్లందరి రికార్డులూ మా దగ్గరికొస్తాయి. చదివి, ఒక పద్ధతి ప్రకారం కంప్యూటర్లోకి ఎక్కిస్తాం. మాలాంటివాళ్లను అబ్‌స్ట్రాక్టర్లు అంటారు. ఈ ఏర్పాటు పేరు నేషనల్ వయొలెంట్ డెత్ రిపోర్టింగ్ సిస్టమ్. పొట్టిగా ఎన్‌వీడీఆర్‌ఎస్ అంటాం. పేరులో ‘నేషనల్’ అని ఉన్నా పని మొత్తం రాష్ట్రాలదే. అట్లాంటాలో ఉన్న అమెరికా కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ డబ్బిస్తుంది, నియమాలు పెడుతుంది, రాష్ట్రాలు పంపినదాన్ని ఒకచోట చేరుస్తుంది. కాగితం వెతికి తెచ్చుకునేది, చదివేది రాష్ట్రమే.

మేం ఎవరి మీదా కేసు పెట్టం. ఎవరు దోషో తేల్చం. ఎవరికీ పరిహారం ఇప్పించం. ఇలాంటి చావు ఇంకొకటి జరగకుండా చూడాలంటే ఏమేం తెలిసి ఉండాలో, అవి రాసిపెట్టడం వరకే మా బాధ్యత. పోలీసు రికార్డుకీ మా రికార్డుకీ తేడా అక్కడే మొదలవుతుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పడానికే ఈరోజు వచ్చాను.

మనిషి హింస వల్ల పోతే మూడు చోట్ల కాగితం పుడుతుంది. ఒకటి డెత్ సర్టిఫికెట్. రెండోది శవపరీక్ష చేసినవాళ్ల రిపోర్టు. మూడోది పోలీసులది. మన దగ్గరా అంతే కదా. డెత్ సర్టిఫికెట్ మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఉంటుంది, పోస్ట్‌మార్టం రిపోర్టు ఆసుపత్రిలో, ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా స్టేషన్లో. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 174 కింద జరిగే విచారణ 2024 జులై 1 నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194 కిందికి వచ్చింది. సెక్షన్ నంబరు మారింది, మూడు కాగితాలూ మూడు బీరువాల్లో ఉండిపోవడం మారలేదు.

ఒక్కో కాగితానికి ఒక్కో సంగతే తెలుసు. అమెరికాలో డెత్ సర్టిఫికెట్ పై భాగం నింపేది అంత్యక్రియల సంస్థవాళ్లు. కుటుంబాన్ని అడిగి వయసు, చదువు, జాతి, వృత్తి రాస్తారు. వృత్తి దగ్గర ‘రిటైర్డ్’ అని రాయొద్దు, జీవితంలో ఎక్కువకాలం చేసిన పని రాయండి అని స్పష్టంగా సూచన ఉంటుంది. చిన్న సూచనే గాని ఎంత మేలో చూడండి, ముప్ఫై ఏళ్లు గనిలో పనిచేసి మానేసిన మనిషి లెక్కలోంచి మాయం కాకుండా ఉంటాడు. 2003లో సవరించిన ఫారంలో ‘ఏషియన్ ఇండియన్’ అని విడిగా ఒక గడి పెట్టారు. అక్కడి తెలుగు సంఘాలవాళ్లు నన్ను అడుగుతుంటారు, మనవాళ్లు ఎంతమంది ఇలా పోతున్నారమ్మా అని. ఆ ఫారంలో భాష గడి లేదు. గుజరాతీ, పంజాబీ, తెలుగు అందరూ ఒకే గడిలో ఉంటారు.

మరణానికి కారణం రాసేది ఇంకొకరు. కొన్ని రాష్ట్రాల్లో మెడికల్ ఎగ్జామినర్, అంటే డాక్టరు. కొన్నిచోట్ల కరోనర్, అంటే అసహజ మరణాలను విచారించే అధికారి. చాలా కౌంటీల్లో, అంటే అక్కడి జిల్లాల్లాంటివాటిలో, కరోనర్ ఎన్నికల్లో గెలిచి వచ్చే పదవి, డాక్టరే అయి ఉండాలని లేదు. మసాచుసెట్స్ 1877లోనే కరోనర్లను తీసేసి డాక్టర్లను పెట్టింది, మిగతా రాష్ట్రాలు కొన్ని ఇప్పటికీ పాత పద్ధతిలోనే ఉన్నాయి. ఫలితం ఏమిటంటే ఒకే రకం చావుకు ఒక రాష్ట్రంలో ఆత్మహత్య అని రాస్తారు, పక్క రాష్ట్రంలో ‘తేలలేదు’ అని రాస్తారు. మేరీల్యాండ్‌లో మత్తుమందుల మోతాదు మించి పోయినవాళ్లను చాలాకాలం ‘ఉద్దేశం తేలలేదు’ కింద వేసేవారు. ఆత్మహత్యల అంకె ఒక్కటే చూసేవాడికి ఆ రాష్ట్రం ఉన్నదానికన్నా ప్రశాంతంగా కనిపిస్తుంది. అందుకే ఎన్‌వీడీఆర్‌ఎస్‌లో ‘తేలలేదు’ అన్నవాటిని కూడా వదలకుండా ఎక్కిస్తాం. తేలనివాటిని పక్కన పడేస్తే తేలినవాటి లెక్క కూడా తప్పుతుంది.

ఇక పోలీసు రిపోర్టు. చావుకి ముందు ఏం జరిగిందో ఉండేది దాన్లోనే. ఎవరు ఫోన్ చేశారు, పక్కింటివాళ్లు ఏం విన్నారు, గతంలో ఆ ఇంటికి పోలీసులు ఎన్నిసార్లు వెళ్లారు. ఇవేవీ డెత్ సర్టిఫికెట్‌లో ఉండవు.

మూడూ ఒకచోట పెడితే ఏమొస్తుంది? ఒక ఊహ చెబుతాను. ఒకామె హత్యకు గురైంది. భర్త అక్కడి నుంచి పారిపోయి, పొరుగు కౌంటీలో ఆరు గంటల తర్వాత తన ప్రాణం తీసుకున్నాడు. మామూలు జనన మరణాల లెక్కలో ఇది ఒక కౌంటీలో ఒక హత్య, ఇంకో కౌంటీలో ఒక ఆత్మహత్య. రెండింటికీ సంబంధం లేదు. మా లెక్కలో ఇది ఒకే సంఘటన. ఒక చావుకీ దాంతో ముడిపడిన ఇంకో చావుకీ మధ్య 24 గంటలు మించకపోతే రెండింటినీ ఒకే నంబరు కింద ఎక్కిస్తాం, చంపిన మనిషికీ చనిపోయిన మనిషికీ ఉన్న సంబంధం రాస్తాం.

ఇలా రాసినందువల్ల బయటపడిన సంగతి ఒకటి ఉంది. 2003 నుంచి 2009 దాకా 16 రాష్ట్రాల్లో భార్యాభర్తల మధ్య, సహజీవనం చేసేవాళ్ల మధ్య హింసతో ముడిపడిన హత్యల్ని పరిశీలించారు. 3,350 సంఘటనల్లో 4,470 మంది పోయారు. హత్యకు గురైనవాళ్లలో 20 శాతం ఆ జంటలోని మనుషులు కాదు. అడ్డం వెళ్లిన తల్లి, పిల్లలు, పక్కింటివాళ్లు, స్నేహితులు, గొడవ ఆపడానికి వెళ్లిన పోలీసులు. అయిదుగురిలో ఒకరు! ‘అది వాళ్లిద్దరి మధ్య వ్యవహారం’ అని మనం తలుపు వేసుకుంటామే, ఆ తలుపు అవతలా చావులున్నాయి. సంఘటనను ముక్కలు చేయకుండా రాశారు కాబట్టి ఇది తెలిసింది.

ఇదే తరహాలో ఇంకోటి. 2005 నుంచి 2012 మధ్య 16 రాష్ట్రాల్లో పోలీసుల చేతిలో పోయినవాళ్లను మూడు లెక్కల్లో పోల్చి చూశారు. జనన మరణాల లెక్కకన్నా ఎన్‌వీడీఆర్‌ఎస్‌లో 71 శాతం ఎక్కువ చావులు కనిపించాయి. ఎఫ్‌బీఐ దగ్గరున్న అనుబంధ హత్యా నివేదికలకన్నా 48 శాతం ఎక్కువ. ఎవరో దాచారని నేను అనడం లేదు. డెత్ సర్టిఫికెట్ రాసే డాక్టరు ‘తుపాకీ గాయం’ అని రాసి, కాల్చింది పోలీసని రాయకపోతే చాలు, ఆ చావు మామూలు హత్యల గుంపులో కలిసిపోతుంది. ఇక్కడ కూర్చున్న పోలీసు మిత్రులు దీన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ పరిస్థితిలో ఇవి జరుగుతున్నాయో తెలిస్తే శిక్షణ ఎక్కడ కావాలో కూడా తెలుస్తుంది.

ఈ పద్ధతి గాల్లోంచి పుట్టలేదు. రోడ్డు ప్రమాదాల నుంచి వచ్చింది. అమెరికాలో 1975 నుంచి ప్రతి ప్రాణాంతక ప్రమాదాన్నీ రాసే జాబితా ఉంది, ఎఫ్‌ఏఆర్‌ఎస్ అంటారు. ఏ బండి, ఏ రోడ్డు, బెల్టు పెట్టుకున్నాడా, తాగి ఉన్నాడా, వెలుతురు ఎంత ఉంది, అన్నీ. 1975లో ప్రతి 10 కోట్ల మైళ్ల ప్రయాణానికి 3.35 మంది చనిపోయేవారు. 2019కి అది 1.11కి దిగింది. బెల్టు చట్టాలు, ఎయిర్‌బ్యాగులు, రోడ్ల మధ్య గోడలు, తాగి నడిపేవాళ్ల మీద కఠినత్వం, ఇవి పనిచేస్తున్నాయా లేదా అని ఏటికేడూ చూసుకోవడానికి ఆ జాబితా పునాది అయింది. మరి హింసా మరణాలకు ఇలాంటిది ఎందుకు లేదు అని హార్వర్డ్‌లో డేవిడ్ హెమెన్‌వే, క్యాథరిన్ బార్బర్ లాంటివాళ్లు అడిగారు. 1999లో ఫౌండేషన్ల డబ్బుతో ఒక నమూనా మొదలుపెట్టారు. 2002లో ప్రభుత్వ నిధులొచ్చాయి. మొదట చేరినవి ఆరు రాష్ట్రాలు: మేరీల్యాండ్, మసాచుసెట్స్, న్యూజెర్సీ, ఒరెగాన్, సౌత్ కరోలినా, వర్జీనియా. 2018కి గాని 50 రాష్ట్రాలూ పూర్తి కాలేదు.

పదహారేళ్లు! అంత ధనిక దేశంలో ఇంత ఆలస్యం ఎందుకైందంటే రాజకీయం. 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ప్రమాదం పెరుగుతుందని దాని సారాంశం. తుపాకీ సంఘాలకు కోపమొచ్చింది. 1996లో సీడీసీ నిధుల చట్టంలో ఒక వాక్యం చేర్చారు, డికీ సవరణ అంటారు. తుపాకీ నియంత్రణను ప్రోత్సహించడానికి ఈ డబ్బు వాడకూడదని. పరిశోధన వద్దని అందులో లేదు. కానీ అదే సమయంలో 26 లక్షల డాలర్లు కోసేశారు, తుపాకీ గాయాల పరిశోధనకు అంతకు ముందు ఖర్చుపెట్టిన మొత్తం సరిగ్గా అంతే. అధికారులకు సంకేతం అందింది. తుపాకీ హింస మీద పరిశోధనకు విడిగా కేంద్ర నిధులు మళ్లీ వచ్చింది 2020 ఆర్థిక సంవత్సరానికి, సీడీసీకీ, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌కీ కలిపి 2.5 కోట్ల డాలర్లు. ఆ సవరణ తెచ్చిన జే డికీయే, అప్పట్లో ఎదురుగా నిలబడ్డ సీడీసీ అధికారి మార్క్ రోజెన్‌బర్గ్‌తో కలిసి 2012లో పరిశోధన జరగాలని పత్రికలో రాశాడు. అది నాకు గొప్పగా అనిపిస్తుంది. కాని మధ్యలో పోయిన ఏళ్లు వెనక్కి రావు. ఎన్‌వీడీఆర్‌ఎస్ ఆ కాలంలో బతికి బట్టకట్టిందంటే, అది ఒక్క తుపాకీల లెక్క కాకుండా అన్ని హింసా మరణాల లెక్క కావడం కొంత కారణమని నా అభిప్రాయం.

ఒక్క మాట. ఇప్పుడు చెప్పబోయేది ఆత్మహత్యల గురించి. ఈ హాల్లో ఎవరికైనా ఇది దగ్గరి విషయమై ఉండొచ్చు. బయటికి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ఎవరూ ఏమీ అనుకోరు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైను టెలి మానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. అమెరికాలో మీ పిల్లలుంటే అక్కడి నంబరు 988.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో చావుకు 600కు పైగా అంశాలుంటాయి. అన్నీ ఎప్పుడూ నిండవు. అందులో నాకు అన్నిటికన్నా విలువైనవి పరిస్థితుల గడులు. ఆరోగ్యం, అప్పు, ఉద్యోగం, ఇల్లు, కోర్టు కేసు, భార్యాభర్తల తగాదా, ఆత్మీయుల మరణం, తాగుడు, కుంగుబాటు. వీటిలో ఎన్నయినా టిక్ పెట్టొచ్చు. ఒక్కటే పెట్టాలని లేదు. దాంతోపాటు రెండు చిన్న కథనాలు రాస్తాం, శవపరీక్ష రిపోర్టు ఏం చెప్పిందో ఒకటి, పోలీసు రిపోర్టు ఏం చెప్పిందో ఇంకోటి. పేర్లుండవు, ఊర్లుండవు. రెండూ ఒకదానికొకటి పొసగకపోతే పొసగనట్టే ఉంచుతాం.

ఈ గడుల నుంచి వచ్చిన ఒక ఫలితం మన తెలుగువాళ్లందరూ వినాలి. 2008లో అమెరికాలో ఇళ్ల అప్పులు కూలాయి కదా. 2005 నుంచి 2010 దాకా 16 రాష్ట్రాల్లో, ఇల్లు జప్తు కావడం, అద్దె ఇంటి నుంచి ఖాళీ చేయించడం పరిస్థితుల్లో ఒకటిగా ఉన్న ఆత్మహత్యలు 929 దొరికాయి. 2005లో 88 ఉంటే 2010కి 176. రెట్టింపు. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. ఊహించలేనిది ఇంకోటుంది. వాళ్లలో 79 శాతం మంది ఇల్లు ఇంకా పోకముందే పోయారు.

ఇంకా పోకముందే. నోటీసు వచ్చింది, కోర్టు తేదీ వచ్చింది, బ్యాంకు ఉత్తరం వచ్చింది. ఇల్లు ఇంకా అలాగే ఉంది. మనిషి లేడు. అంటే సాయం చేయాల్సిన సమయం ఇల్లు పోయాక కాదు, నోటీసు అందిన రోజున. ఆ నోటీసు తెచ్చి ఇచ్చేది కోర్టు ఉద్యోగి, పంపేది బ్యాంకు. ఆరోగ్య శాఖ పరిధిలో లేని మనుషులు. నోటీసుతోపాటు ఒక ఫోన్ నంబరు వెళ్లాలి, గడువు పెంచమని అడిగే దారి వెళ్లాలి అని చెప్పడానికి ఆధారం ఎక్కడి నుంచి వచ్చింది? డెత్ సర్టిఫికెట్ నుంచి రాదు. పోలీసు రిపోర్టులో ‘టేబుల్ మీద బ్యాంకు నోటీసు ఉంది, తేదీ ఫలానా’ అని ఎవరో ఒక ఆఫీసరు ఓపిగ్గా రాశాడు కాబట్టి వచ్చింది. ఎస్సై గార్లూ, మీరు పంచనామాలో రాసే అలాంటి ఒక్క వాక్యం విలువ మీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను చెబుతున్నాను.

బ్యాంకు వాళ్లు ఇంటి గుమ్మం ముందు నిలబడి వేలం నోటీసు అంటించిన మర్నాడు ఏం జరుగుతుందో మన పల్లెల్లో వేరే చెప్పాలా?

2018లో సీడీసీ ఇంకో పత్రం ఇచ్చింది. 2015లో 27 రాష్ట్రాల లెక్క. ఆత్మహత్య చేసుకున్నవాళ్లలో 54 శాతం మందికి అప్పటికి తెలిసిన మానసిక వ్యాధి ఏదీ లేదు. సంబంధాల్లో సమస్య 42 శాతానికి. చావుకు ముందు రెండు వారాల్లో వచ్చినదో, ఆ తర్వాతి రెండు వారాల్లో రాబోయేదో ఏదో ఒక సంక్షోభం 29 శాతానికి. శారీరక అనారోగ్యం 22 శాతానికి. ఉద్యోగం, డబ్బు 16 శాతానికి. కూడితే నూరు దాటుతుంది. దాటాలి కూడా! ఒక మనిషికి మూడు బాధలుంటే మూడూ రాశాం. అయితే 54 శాతాన్ని జాగ్రత్తగా చదవాలి. తెలిసిన వ్యాధి లేదంటే వ్యాధే లేదని కాదు, డాక్టరు దాకా వెళ్లలేదని కూడా కావచ్చు. కాని సైకియాట్రిస్టుల సంఖ్య పెంచితే సరిపోతుందన్న వాదన మాత్రం దీంతో నిలవదు.

ఒరెగాన్ వాళ్లు వృద్ధుల విషయంలో ఈ లెక్కను చక్కగా వాడుకున్నారు. ఆత్మహత్య చేసుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఒంటి జబ్బులతో బాధపడుతూ అంతకు ముందు డాక్టర్ని కలిసినవాళ్లే. కుంగుబాటు మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అందుకని వాళ్ల నివారణ ప్రణాళిక మామూలు వైద్యుల దగ్గర నుంచి మొదలైంది.

లెక్కలో తప్పులు జరగవా అంటే జరుగుతాయి. 2016లో సీడీసీ ఒక నివేదికలో 17 రాష్ట్రాల 2012 లెక్క చూసి, వ్యవసాయం, చేపల వేట, అడవి పని చేసేవాళ్లలో ఆత్మహత్యల రేటు అన్ని వృత్తులకన్నా ఎక్కువని చెప్పింది. అమెరికా అంతా ‘రైతుల ఆత్మహత్యలు’ అని మోగిపోయింది. తర్వాత చూస్తే, సొంత కమతం నడిపే రైతుల్ని వృత్తుల పట్టిక ప్రకారం నిర్వాహకుల వర్గంలో వేయాల్సి ఉండగా వ్యవసాయ కార్మికుల వర్గంలో వేశారు. 2018లో ఆ నివేదికను వెనక్కి తీసుకున్నారు. సరిచేసిన లెక్కలో మగవాళ్లలో అందరికన్నా ఎక్కువ రేటు భవన నిర్మాణం, గనుల పనివాళ్లది. అమెరికా రైతులకు కష్టం లేదని దీనర్థం కాదు. కాని నివారణ డబ్బు ఎక్కడికి వెళ్లాలన్నది ఒక వర్గీకరణ మీద ఆధారపడిందని చూడండి. తప్పు జరిగిందని తెలియడానికి కూడా అసలు రికార్డులు ఉండాలి. అవి ఉన్నాయి కాబట్టి తిరిగి లెక్కపెట్టగలిగారు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. రైతు ఎవరు, కూలీ ఎవరు అన్న తగాదా మనకు కొత్త కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2014 నుంచి రైతుల్ని, వ్యవసాయ కూలీల్ని విడదీసి చూపిస్తోంది. ఆ ఏడాది 5,650 మంది రైతులు, 6,710 మంది కూలీలు అన్నారు. కౌలు రైతు ఈ రెండింటిలో ఎటు పడతాడు? పట్టాదారు పాస్‌బుక్ భూస్వామి పేరు మీదుంటుంది, అప్పు మాత్రం ఇతని పేరు మీద. రాసే చేయి ఎటు వేస్తే అటు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 421 మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు కలిసి విచారించాలి, నిజమైన రైతు ఆత్మహత్య అయితే లక్షన్నర సాయం. ఆ సాయం కావాల్సిందే, దాన్ని నేను తక్కువ చేయను. కాని ఆ కమిటీ అడిగే ప్రశ్న ‘ఈ కుటుంబం అర్హమా, కాదా’ అన్నది. అర్హం కాదని తేలగానే ఫైలు మూసేస్తారు. ఆ చావు నుంచి జిల్లా నేర్చుకోవాల్సింది కూడా ఫైలుతోపాటే మూతపడుతుంది.

2022లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలని బ్యూరో లెక్క. కారణాల పట్టికలో మొదటిది కుటుంబ సమస్యలు, 31.7 శాతం. రెండోది అనారోగ్యం, 18.4 శాతం. సగం దేశం ఈ రెండు మాటల్లో ఇమిడిపోయింది! ఆ పట్టికలో ఒక మనిషికి ఒకటే కారణం. భర్త తాగుతాడు, అప్పు వడ్డీ పెరిగింది, కూతురి పెళ్లి ఆగింది, ఆమెకు నడుంనొప్పి. నలుగురు చెప్పింది విని స్టేషన్లో ‘కుటుంబ సమస్యలు’ అని ఒకటి రాస్తారు. లేదా మన జిల్లా ఎడిషన్లలో చిన్నప్పటి నుంచి చదువుతున్న వాక్యం రాస్తారు, ‘కడుపునొప్పి తాళలేక’. ఆ కుటుంబాన్ని నేను తప్పు పట్టను. కేసు అవుతుందన్న భయం, ఉన్న ఆడపిల్లకు సంబంధం రాదన్న భయం. ఎస్సైని కూడా తప్పు పట్టను, ఆయన ముందున్న ప్రశ్న ‘ఇందులో నేరం ఉందా’ అనే. లేదని తేలితే ఆయన పని ముగిసినట్టే. ఆ ఒక్క గడి దగ్గర ఆపేసి, దాన్నే దేశం మొత్తానికి కూడి, దాని మీద విధానాలు రాయడం తప్పు.

పైగా ఆ మొత్తం కూడా పూర్తి కాదు. 2010కి బ్యూరో లెక్క సుమారు 1,34,600. అదే ఏడాదికి మిలియన్ డెత్ స్టడీ, ఇళ్లకు వెళ్లి కుటుంబాలను అడిగి తెలుసుకున్న అధ్యయనం, వేసిన అంచనా సుమారు 1,87,000. ఇంట్లో కూర్చుని, కేసు భయం లేకుండా అడిగితే మనుషులు చెప్పారు.

(ప్రశ్నలకు సమయం ఇచ్చారు.)

ప్రశ్న: మేడం, ఇంత వివరంగా రాస్తే కుటుంబాల గుట్టు బయటపడదా? కోర్టులో వాడుకోరా?

ఈ భయం న్యాయమైనదమ్మా. మా దగ్గర పేరు, చిరునామా రాష్ట్రం దాటి వెళ్లవు. సీడీసీకి చేరే రికార్డులో అవి ఉండవు. కథనాలు చదవాలంటే పరిశోధకులు విడిగా దరఖాస్తు పెట్టుకుని, షరతులకు ఒప్పుకోవాలి. అందరికీ తెరిచి ఉంచేవి కూడిన అంకెలు మాత్రమే. చిన్న ఊళ్లలో అంకె కూడా మనిషిని పట్టిస్తుంది కాబట్టి మరీ చిన్న సంఖ్యలను చూపించరు. ఇక్కడ మొదలుపెట్టేటప్పుడు ఈ కట్టుబాటు చట్టంలోనో జీవోలోనో ముందే రాయాలి. తర్వాత చేర్చుదాంలే అంటే కుదరదు. ఒక్క ఇంటి సంగతి టీవీలోకి ఎక్కితే ఇంకెవరూ నోరు విప్పరు.

ప్రశ్న: అమెరికాలో ఈ వ్యవస్థ గట్టిగానే నిలబడి ఉందా?

లేదు. 2025 ఏప్రిల్ 1న సీడీసీలో హింస నివారణ, గాయాల లెక్కలు చూసే విభాగాల్లో చాలామందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ తర్వాతి బడ్జెట్ ప్రతిపాదనలో 1992 నుంచి ఉన్న గాయాల నివారణ కేంద్రాన్నే లేకుండా చేయాలన్నారు. 2021లో ఆ దేశంలో 48,183 మంది ఆత్మహత్య చేసుకున్నారు, 26,031 మంది హత్యకు గురయ్యారు. అదే ఏడాది ఎఫ్‌బీఐ కొత్త పద్ధతికి మారితే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి నగరాల పోలీసులు లెక్కలు పంపలేదు. ఒక లెక్క తడబడినప్పుడు ఇంకొకటి ఉండాలి. ఉన్నదాన్ని కూలదోయడం చూస్తుంటే నాకు కోపంగానే ఉంది. దాచుకోను.

ప్రశ్న: మా జిల్లాలో రేపు మొదలుపెట్టాలంటే ఏం చేయాలి? మనుషులు లేరు, డబ్బు లేదు.

ఆరు వందల అంశాలతో మొదలుపెట్టకండి. పోలీసు, ప్రజారోగ్యం రెండూ రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి, కాబట్టి ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఒక జిల్లా ఆసుపత్రి మార్చురీని తీసుకోండి. అక్కడికి వచ్చే ప్రతి శవంతోపాటు పంచనామా కాపీ వస్తుంది, పోస్ట్‌మార్టం మీరే చేస్తారు. అంటే మూడింటిలో రెండు కాగితాలు అప్పటికే ఒకే బల్ల మీద ఉన్నాయి. కమ్యూనిటీ మెడిసిన్ నుంచి ఒక పీజీ వారానికి ఒకరోజు వెళ్లి కూర్చోవాలి. ఒక్క పేజీ ఫారం చాలు. వయసు, నిజంగా చేసిన పని, కౌలా సొంతమా, అప్పు ఎవరి దగ్గర, గత నెలలో ఏ డాక్టరు దగ్గరకైనా వెళ్లారా, రెండు వారాల్లో నోటీసు గాని పంచాయితీ గాని జరిగిందా. కారణాల దగ్గర ఎన్నయినా టిక్ పెట్టుకునే వీలుండాలి. పురుగుల మందు అయితే ఏ మందో పేరు, ఇంట్లో ఉన్నదా అప్పుడే కొన్నదా అన్నది తప్పకుండా రాయండి. శ్రీలంక అత్యంత విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చి, 1995కీ 2015కీ మధ్య ఆత్మహత్యల రేటును 70 శాతం తగ్గించుకుంది. ఏ మందు ప్రాణం తీస్తోందో తెలిస్తేనే ఏది ఆపాలో తెలుస్తుంది. మన పంచనామాల్లో ‘పురుగుల మందు తాగి’ అన్న దగ్గరే ఆగిపోతాం. డబ్బా మీద పేరు రాయడానికి ఎస్సై గారికి అర నిమిషం పడుతుంది.

వెనక వరసలో చేయెత్తిన ఎస్సై గారు ఏదో అంటున్నారు. చెప్పండి.

ప్రశ్న: డబ్బా దొరకదు మేడం, చాలాసార్లు. భయంతో ఇంటివాళ్లే పారేస్తారు.

అవును, పారేస్తారు. అప్పుడు ‘డబ్బా దొరకలేదు, ఇంటివాళ్లు ఫలానా పేరు చెప్పారు’ అని రాయండి. అదీ చెప్పకపోతే ఊళ్లో మందుల షాపువాడిని అడగండి, ఈ వారం ఏం అమ్మాడో చెబుతాడు. విసెరా రిపోర్టు, అంటే శవం లోపలి అవయవాల్లో విషం పరీక్ష, ఫోరెన్సిక్ ల్యాబ్ ఎఫ్‌ఎస్‌ఎల్ నుంచి నెలల తర్వాత వస్తుంది కదా, అది వచ్చిన రోజు పాత ఫారం బయటికి తీసి దాన్లో చేర్చాలి. మా దగ్గర కూడా ఏడాది ముగిసి ఇంకో ఏడాది దాటాక గాని రికార్డు పూర్తి కాదు. అందుకని ఆ ఫారాల కట్ట ఎవరి దగ్గర ఉండాలో, పీజీ బదిలీ అయి వెళ్లిపోతే ఎవరికి అప్పజెప్పాలో, అది మొదటి వారమే తేల్చుకోండి.